కథ కోసం ఆడే ఆటలకు సమీక్షకులు ఇచ్చే మార్కులను ఎలా చదవాలి?

పానగల్లు వాసి (నల్లగొండ) అడిగిన ప్రశ్న

నేను నల్లగొండలో ఒక మీసేవ కేంద్రంలో పనిచేస్తాను. పగలంతా ధ్రువపత్రాల దరఖాస్తులతో కంప్యూటర్ ముందు గడిపి, రాత్రి అన్నం తిన్నాక మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చోవడం మా ఇంట్లోవాళ్లకు వింతగా ఉంటుంది. నాకు కాల్పుల ఆటలు పడవు. కథ వెంట నడిపించే సాహస ఆటలే ఇష్టం. మూడు నెలలకు ఒకటి కొనగలను, అదీ డిస్కౌంటు వచ్చినప్పుడే. అందుకే కొనేముందు సమీక్షలను ఒకటికి రెండుసార్లు చదువుతాను.

మొన్న దసరా సెలవుల్లో 'ఫైర్‌వాచ్' ఆడాను. అది 2016లో వచ్చిన ఆట. 1989లో అమెరికాలోని వయోమింగ్ అడవుల్లో, ఎక్కడ పొగ లేస్తున్నదో కనిపెట్టి చెప్పే కావలి ఉద్యోగంలో చేరిన హెన్రీ అనే మనిషి కథ. దూరాన మరో కావలి గోపురంలో ఉండే డెలైలాతో వాకీటాకీలో మాట్లాడడం ఆటలో సగం, అడవిలో నడక మిగతా సగం. సమీక్షకులు చాలామంది మెచ్చుకున్నారు, నాకూ నచ్చింది. కానీ రెండు రాత్రులు నా పక్కనే కూర్చొని చూసిన మా బామ్మర్ది చివర్లో ఒక్కటే అన్నాడు: "బావా, ఇందులో నువ్వు ఆడింది ఏముంది? నడిచినవు, మాట్లాడినవు, అయిపోయింది." నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఆ తర్వాత కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివితే, నాలుగైదు గంటల్లో ముగిసిపోయిందని కోపంగా రాసినవాళ్లు కనిపించారు.

ఒకే ఆటను ఒకరు కళాఖండమని, మరొకరు మోసమని అంటుంటే, మధ్యలో డబ్బు పెట్టే నాలాంటివాడు ఎవరి మాట పట్టుకోవాలి? సమీక్షకులు ఈ రకం ఆటలను అసలు ఏ కొలతతో కొలుస్తారు? ఇంకొక సంగతి కూడా చెప్పాలి: నేను ఆడిన ఆటల మీద తెలుగులో నాలుగు మాటలు రాయాలనే కోరిక ఉంది. అందువల్ల మీ జవాబులు నాకు రెండు విధాల పనికొస్తాయి.

పాలమూరు బాటసారి (మహబూబ్‌నగర్)

అన్నా, ముందుగా ఆ మార్కు ఎలా పుడుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మనమంతా చూసే మెటాక్రిటిక్ 2001లో మొదలైంది. వివిధ పత్రికలు, వెబ్‌సైట్లు ఇచ్చిన మార్కులన్నింటినీ వందకు మార్చి, ఒక సగటు కట్టి చూపిస్తుంది. అయితే అది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికల మాటకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇస్తారు, ఎవరికెంత అన్నది బయటపెట్టరు. మార్కు ఇవ్వకుండా కేవలం వ్యాసం రాసే సమీక్షకుల మాట ఆ సగటులోకి రానే రాదు. నా అనుభవంలో కథా ఆటల మీద లోతుగా రాసేది ఎక్కువగా వాళ్లే కనుక, ఈ రకం ఆటలకు ఆ అంకె మొదటి నుంచే కొంత కుంటుతుంది.

ఆ సైటు రంగుల లెక్క కూడా గమనించండి. సినిమాకు 61 వస్తే బాగుందని ఆకుపచ్చ రంగు పడుతుంది. ఆటకు మాత్రం 75 రావాలి. అంటే ఆటల సమీక్షల్లో మార్కులు ఎంత ధారాళంగా పడతాయో ఆ సైటే ఒప్పుకున్నట్లు. మన ఇంటర్ పరీక్షల్లో తొంభై శాతం వచ్చినవాడు కూడా దిగులుగా కూర్చున్నట్లే, ఇక్కడ 74 వచ్చిన ఆట తప్పినట్లు కనిపిస్తుంది. దీనివల్ల నష్టపోయేది ఆట కొనేవాళ్లు ఒక్కరే కాదు. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వెగాస్' తయారుచేసినవాళ్లకు సగటు 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉండగా, 84 వచ్చి ఆ బోనస్ పోయిందని ఆ ఆట రూపకర్తల్లో ఒకరు 2012లో బయటపెట్టారు.

ఇక సమీక్షకులకూ ఆడేవాళ్లకూ మధ్య తేడా. మీ బామ్మర్ది అడిగిన ప్రశ్న 2013లో 'గాన్ హోమ్' వచ్చినప్పుడే పెద్ద గొడవగా అడిగారు. 1995లో, విదేశం తిరిగి ఇంటికి వచ్చిన ఒక అమ్మాయికి ఇల్లంతా ఖాళీగా కనిపిస్తుంది. గదులు తిరుగుతూ, ఉత్తరాలు చదువుతూ, సొరుగులు తీస్తూ చెల్లెలికి ఏమైందో తెలుసుకోవడమే ఆట. కొట్లాట లేదు, ఓడిపోవడం లేదు. సమీక్షకుల సగటు 80 దాటితే, అదే పేజీలో ఆడినవాళ్లు ఇచ్చిన మార్కు దానికి చాలా కింద ఉంది. అప్పట్లో రెండు మూడు గంటల ఆటకు 20 డాలర్లు పెట్టిన మనిషి కోపం నాకు అర్థమవుతుంది. సమీక్షకుడికి సాధారణంగా ఆట ఉచితంగా వస్తుంది. అతను ఖర్చు పెట్టేది తన కాలం. ఏడాదిలో పదుల కొద్దీ ముప్పై గంటల ఆటలు ఆడి అలసిన మనిషికి, మూడు గంటల్లో చెప్పవలసింది చెప్పి ముగించే ఆట పండుగలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మూడు నెలలకు ఒకటి కొనే మీకు అలా కనిపించనక్కరలేదు. అందుకే సమీక్షకుడు పొట్టిగా ఉండడాన్ని మెచ్చుకుంటే ఆ ఒక్క మాటను మాత్రం మీ జేబుతో మళ్లీ తూచండి.

అలాగని ఆడినవాళ్ల మార్కు నమ్మదగినదని కూడా అనను. 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం విడుదలైనప్పుడు సమీక్షకుల సగటు తొంభై దాటి ఉండగా, మొదటి రోజుల్లో జనం మార్కు పదికి నాలుగు కూడా దాటలేదు. ఇరవై గంటలకు పైగా పట్టే ఆటకు విడుదలైన కొన్ని గంటల్లోనే వేలకొద్దీ సున్నాలు పడ్డాయంటే, అవి ఆడి వేసినవి కావు. ఆ తర్వాతనే మెటాక్రిటిక్, విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు తీసుకోరాదని నియమం పెట్టింది.

సూర్యాపేట పాతకాపు

తమ్ముడూ, నాకు యాభై దాటాయి. మా కాలంలో కంప్యూటర్ సెంటరు అబ్బాయి తెచ్చిన సీడీల మీద ఈ ఆటలు ఆడినవాణ్ని కనుక నాలుగు పాత మాటలు చెబుతాను.

మీ బామ్మర్దిని తక్కువ చేయకండి. సాహస ఆట అంటే ఒకప్పుడు చిక్కుముడి విప్పడం. ఆ జాతికి పేరు పెట్టిందే 1970ల నాటి 'అడ్వెంచర్' అనే అక్షరాల ఆట. అందులో బొమ్మలు ఉండవు, తెరమీద వాక్యం చదివి, ఏం చేస్తావో ఒకటి రెండు మాటల్లో టైపు చేయాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ముడులు వేయడమే విద్యగా మారి, చివరికి తయారుచేసినవాడికి తప్ప ఎవరికీ విడిపోని స్థితికి వచ్చింది. 1999లో వచ్చిన 'గేబ్రియల్ నైట్' మూడో భాగంలో ఒక ముడి ఉంది. హీరో మరొక మనిషిగా వేషం వేసుకొని బండి అద్దెకు తీసుకోవాలి. దానికి పిల్లి వెంట్రుకలు టేపుకు అంటించి తీసి, పాకంతో అతికించి మీసం తయారుచేసుకోవాలి. విడ్డూరం ఏమిటంటే, ఆ రెండో మనిషికి అసలు మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీద పెన్నుతో మీసం గీయాలి. 2000లో 'ఓల్డ్ మ్యాన్ మర్రే' అనే హాస్య వెబ్‌సైటు ఈ ఒక్క ముడిని అడుగడుగునా విప్పి చూపి, సాహస ఆటలను ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసుకున్నాయని తేల్చింది. ఆ వెక్కిరింత రాసినవాడే తర్వాత 'పోర్టల్' ఆటకు కథ రాసినవాళ్లలో ఒకడు కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

సమీక్షకుల మెప్పు ఆటను బతికిస్తుందని కూడా అనుకోవద్దు. 1998లో 'గ్రిమ్ ఫండాంగో'ను పత్రికలు ఆకాశానికెత్తాయి, ఒక పెద్ద సైటు దాన్ని ఆ ఏటి మేటి ఆటగా ఎంచుకుంది కూడా. కానీ అమ్మకాలు నిరాశపరిచాయి. దాన్ని తయారుచేసిన లూకస్ ఆర్ట్స్ 2003లో ఒకటి, 2004లో ఒకటి సాహస ఆటలను తయారీ మధ్యలోనే ఆపేసింది.

ఇప్పటివాళ్లు ఏం చేశారంటే, విడిపోని ముడులు జనాన్ని తరిమేశాయని ముడులనే తీసేశారు. మీసం చెడగొట్టిందని ముక్కునే కోసుకున్నట్లు. అందుకే ఇలాంటి ఆటలకు 'వాకింగ్ సిమ్యులేటర్', అంటే ఉత్త నడకను అనుకరించేది అని వెక్కిరింపుగా పేరు పెట్టారు. విచారంగా ఉన్న ప్రతి ఆటనూ లోతైనదని పొగడడం సమీక్షకులకు అలవాటయిందని నా అభియోగం. ఏడిపించడం ఒక్కటే గొప్పయితే సీరియళ్లకు కూడా అవార్డులు ఇవ్వాలి.

పుట్టపాక మగ్గం

పెద్దన్న మాటలో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఏడుపుకే మార్కులు వేసే సమీక్షలు ఉన్నాయి, నిజమే. కానీ ముడి లేకపోతే ఆట లేదనడం సరికాదు. నాకు ఈ సంగతి తెలియజెప్పింది 'వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్'. 2017లో వచ్చింది, మరుసటి ఏడాది బాఫ్టా అనే బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ ఆట బహుమతి దానికే దక్కింది. ఒక ఇంట్లో తరతరాలుగా చనిపోయినవాళ్ల కథలను ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తీరుగా ఆడించే ఆట. మొత్తం రెండు మూడు గంటలే.

అందులో చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లూయిస్ అనే యువకుడి కథ ఉంది. మన కుడిచేయి చేపను పట్టుకొని, కత్తి కిందికి తోసి, తల తెగాక పక్కకు విసరాలి. మళ్లీ చేప, మళ్లీ కత్తి. ఆ పని ఆగకుండా సాగుతుండగానే, ఎడమచేతితో లూయిస్ ఊహలో ఉన్న రాజ్యంలో ఒక చిన్న బొమ్మను నడిపించాలి. మొదట ఊహ తెరమీద ఒక మూలన చిన్నగా ఉంటుంది. నెమ్మదిగా పెరిగి ఫ్యాక్టరీని కప్పేస్తుంది. కుడిచేయి మాత్రం చేపలు కోస్తూనే ఉంటుంది, మనకు తెలియకుండానే. ఇందులో ముడి లేదు, ఓటమి లేదు. అయినా ఈ కథను సినిమాగా తీస్తే పది మాటల్లో చెప్పవలసి వచ్చే సంగతి, ఇక్కడ నా రెండు చేతులకే తెలిసిపోయింది.

మా ఇంట్లో అమ్మ ఆసు పోసేది. పట్టుచీర నూలును అర్ధవృత్తంగా అమర్చిన మేకుల చుట్టూ చేత్తో తిప్పడం అది. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఆడాలి. భుజం పట్టేసేది. ఆ పని చేస్తూనే ఆమె మాకు ఎక్కడెక్కడి కథలో చెప్పేది. చేయి మాత్రం లెక్క తప్పేది కాదు. చిన్నప్పుడు ఆమె ఏకాగ్రతకు ఆశ్చర్యపోయేవాణ్ని. ఆ ఆట ఆడిన రాత్రి మాత్రం, ఆమె మనసు అక్కడ లేకపోవడం వల్లనే చేయి అలా నడిచిందేమోనని తోచి, ఆట ఆపి కాసేపు బయట తిరిగి వచ్చాను. ఈ అనుభవానికి ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియదు.

కనుక పానగల్లు అన్నకు నా సలహా ఇది. సమీక్ష చదివేటప్పుడు కథ సారాంశం, బొమ్మల అందం, సంగీతం గురించిన పేరాలను వేగంగా దాటండి. ఆ సమీక్షకుడు తన చేతులతో ఏం చేశాడో, అది చేసినప్పుడు తనకు ఏమనిపించిందో రాశాడా అని వెతకండి. "మనసును కదిలించింది" అని మాత్రమే రాసి, దేనివల్ల కదిలిందో చెప్పని సమీక్ష సినిమాకైనా సరిపోతుంది, నవలకైనా సరిపోతుంది. ఫైర్‌వాచ్‌కే వస్తే, మీ బామ్మర్దికి ఇలా చెప్పండి: అందులో కాగితపు పటం, దిక్సూచి చేతిలో పట్టుకొని దారి వెతుక్కోవాలి, పటం చూస్తూనే వాకీటాకీలో జవాబు చెప్పాలి. ఒంటరిగా ఉన్న మనిషికి ఒక గొంతు తోడు కావడం ఎలా ఉంటుందో ఆ రెండు పనులూ కలిస్తేనే తెలుస్తుంది. పక్కన కూర్చొని చూసినవాడికి అది అందదు. ఒక గంట అతని చేతికి ఇచ్చి చూడండి.

ఇంగ్లిషు పంతులమ్మ (వనపర్తి)

అందరికీ నమస్కారం. పైన ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది, అది మన భాష. నేను చదివిన ఆంగ్ల సమీక్షలు దాదాపు అన్నీ, చదివేవారికి ఇంగ్లిషు ఊపిరి పీల్చినంత సులువని అనుకొని రాసినవే.

2012లో టెల్‌టేల్ వారి 'ది వాకింగ్ డెడ్' ఐదు భాగాలుగా వచ్చి ఆ ఏడాది బహుమతులెన్నో గెలుచుకుంది. అందులో ఎదుటివాళ్లు మాట్లాడగానే మనకు జవాబులు కనిపిస్తాయి, కింద ఒక గీత తరిగిపోతూ ఉంటుంది. అది అయిపోయేలోపు ఎంచుకోకపోతే మౌనమే జవాబు. ఆ తొందర నిజజీవితంలా ఉందని పత్రికలు మెచ్చుకున్నాయి. మా డిగ్రీ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఆ ఆటను నా ముందే ఆడారు. నాలుగు వాక్యాలు చదివి అర్థం చేసుకునే సరికి గీత అయిపోయి, వాళ్ల హీరో పలుమార్లు మౌనంగా నిలబడ్డాడు. కథ వాళ్లు కోరుకున్న దిక్కు పోలేదు. వాళ్ల చదివే వేగం పోనిచ్చిన దిక్కు పోయింది. ఫైర్‌వాచ్‌లో కూడా జవాబులకు గడువు ఉంటుంది కదా, పానగల్లు గారూ, మీరు ఎన్నిసార్లు డెలైలాకు జవాబు చెప్పలేక ఊరుకున్నారో గుర్తుందా? ఇది ఆట లోపమని నేను అనను. కానీ తెలుగులో సమీక్ష రాసేవారు మొదట చెప్పవలసిన సంగతి ఇదే. 'డిస్కో ఎలీసియం' అనే ఆటలో పది లక్షలకు పైగా మాటలున్నాయని తయారుచేసినవాళ్లు ఘనంగా చెప్పుకున్నారు, 2019లో దానికి వచ్చిన పొగడ్తలు న్యాయమైనవే. ఇంగ్లిషు నెమ్మదిగా చదివే మనిషికి అదే సంగతి హెచ్చరికగా రాయాలి. అందులో జవాబులకు గడువు లేదని కూడా రాయాలి.

ముడులకు కూడా భాష ఉంటుంది. 1991 నాటి 'మంకీ ఐలాండ్' రెండో భాగంలో ఒక జలపాతం దగ్గరి పంపును ఆపడానికి కోతిని పానాలాగా వాడాలి. అమెరికాలో ఒక రకం పానాను మంకీ రెంచ్ అంటారు, అందుకని! ఆ మాట తెలియని దేశాల్లో ఆడినవాళ్లు ఏ దారీ తోచక జుట్టు పీక్కున్నారు. సూర్యాపేట పెద్దాయన చెప్పిన పిల్లి మీసానికి ఏ భాషలోనూ అర్థం లేదు. ఈ కోతికి ఒక భాషలోనే అర్థం ఉంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2023లో టొరంటోలోని చిన్న బృందం తయారుచేసిన 'వెన్బా', 1980లలో కెనడాకు వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి ఇచ్చిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన వరసలను ఊహించి వండడమే అందులో ఆట. ఇడ్లీ ప్లేట్లను ఏ తీరుగా పేర్చితే ఆవిరి అన్నింటికీ అందుతుందన్నది అక్కడ ఒక ముడి. విదేశీ సమీక్షకులకు అది తీయని పజిల్. మా అమ్మకు రోజూ పొద్దున చేసే పని. నేను రెండు క్షణాల్లో దాటేశాను. కానీ ఆ తర్వాత కొడుకు తల్లి భాషను తడబడుతూ వినే చోట, ఆ సమీక్షకులు దాటివెళ్లిన దగ్గర నేను ఆగిపోయాను. 2024లో దానికి బాఫ్టా తొలి ఆట బహుమతి వచ్చింది. మరీ చిన్నదనే ఫిర్యాదు కూడా వచ్చింది. గంటన్నరలో అయిపోతుంది, అదీ నిజమే.

పానగల్లు వాసి

అందరికీ ధన్యవాదాలు. మేడం అడిగిన ప్రశ్నకు నిజం చెబుతాను: ఫైర్‌వాచ్‌లో కనీసం పది సార్లు ఊరుకుండిపోయాను. హెన్రీ మొహమాటపు మనిషి అనుకున్నాను. ఆ మొహమాటం నాదేనని ఇప్పుడు తెలిసింది. ఈ ముక్క ఏ సమీక్షలోనూ చదవలేదు కనుక, నా మొదటి తెలుగు సమీక్షను ఇక్కడి నుంచే మొదలుపెట్టాను.

పుట్టపాక అన్న చెప్పినట్లు నిన్న రాత్రి బామ్మర్ది చేతికి ఇచ్చాను. పటం తిరగేసి పట్టుకొని అరగంట తప్పిపోయాడు. డెలైలా ఏదో అడిగితే, "ఆగు, దారి చూసుకోనీ" అని తెరతోనే అన్నాడు. ఆటా కాదా అన్నది ఇంకా తేల్చలేదు కానీ ఈ రాత్రి మళ్లీ వస్తానన్నాడు.

ఒక చిన్న సందేహం మిగిలింది. 'వాకింగ్ సిమ్యులేటర్' అన్న పేరును సమీక్షలో అలాగే ఉంచాలా? 'నడక ఆట' అని రాశాను. చదువుతుంటే పొద్దున పార్కులో నడిచేవాళ్లు గుర్తొస్తున్నారు.

సూర్యాపేట పాతకాపు

'నడక ఆట' అనే ఉంచు తమ్ముడూ. వెక్కిరింపు పోయి మాట మిగిలింది. సమీక్ష పూర్తయ్యాక ఇక్కడ పెట్టు, తప్పులు వెతకడానికి నేనున్నాను. ఈలోగా ఆ చేపల ఫ్యాక్టరీ ఆట నా పాత కంప్యూటర్‌లో నడుస్తుందో లేదో పుట్టపాక అబ్బాయి చెబితే బాగుంటుంది.